ఫౌజు దిగిన తరువాత — మన జిల్లాల మాజీ సైనికుల చరిత్ర

మన పట్నానికి పేరే ఒక ఖిల్లాదారుది. ఎలగందుల ఖిల్లాదారు సయ్యద్ కరీముద్దీన్ సాహెబు పేరున కరీంనగర్ వెలసిందని మన పెద్దలు చెప్పుతూ వచ్చినారు. 1905లో ఎలగందుల జిల్లా పోయి కరీంనగర్ జిల్లా ఏర్పడ్డది. కోటలో కొలువున్న సిపాహీ గురించి పాటలున్నవి, పుస్తకాలున్నవి. కొలువు పోయి, మూట నెత్తిన పెట్టుకొని ఇల్లు చేరినవాడు తరువాత ఎట్లా బతికినాడన్నది మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు. ఈ సావనీరులో మేము ఆ సంగతే మాట్లాడదలచినాము. ఇది మా సంఘం సొంత సంగతి కూడా ఎట్లయిందో పోను పోను పాఠక మహాశయులకే తెలుస్తుంది.

ముందు నిర్మల్‌కు పోదాము. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల వెంట నడిచినవారిలో రోహిల్లాలు ఎక్కువ. కొలువు వెదుక్కుంటూ దక్కనుకు వచ్చిన ఫౌజీ జాతి అది. ఆ దాడి విఫలమైనది. తుర్రేబాజ్ ఖాన్ 1859లో చంపబడినాడు. మౌల్వీ సాహెబును అండమాను పంపినారు. అటు తరువాత ఉత్తరాన, గోదావరి అవతలి అడవులలో, రోహిల్లాలు రాంజీ గోండుతో కలిసి ఆంగ్లేయ ఫౌజుతో పోరాడినారు. 1860లో రాంజీని, అతని అనుచరులను నిర్మల్‌లో ఒక మర్రికి ఉరి వేసినారు. దానికి వెయ్యి ఉరుల మర్రి అని పేరు పడ్డది. ఆ చెట్టు ఇప్పుడు లేదు. గోండులూ రోహిల్లాలూ ఒకే కొమ్మకు వేలాడినారనే మాట మాత్రం ఊరిలో నిలిచి ఉన్నది.

ఇక పరాయి దేశపు యుద్ధాలు. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధానికి నిజాం సర్కారు హైదరాబాద్ లాన్సర్ల రిసాలాను ఈజిప్టుకు పంపింది. సూయెజ్ కాలువ వద్ద, పాలస్తీనాలో ఆ సవారులు ఏండ్ల తరబడి ఉన్నారు. ఢిల్లీలో తీన్ మూర్తి అన్న చౌరస్తా ఉన్నది కదా, అక్కడి మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ రిసాలాలకు గుర్తు. 1922లో నిలిపినారు. ఇక్కడ ఒక మాట. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్నం మీద గుర్రాలు ఉరికించినది మనవాళ్లేనని కొన్ని సభలలో చప్పట్లు కొట్టించినారు. అది సరి కాదు. ఆ రోజు దాడి జోధ్‌పూర్, మైసూర్ వారిది. మనవాళ్లు అదే బ్రిగేడులోనివారు, ఆ దాడిలో లేరు. ఒకరి ఘనతను మనం ఎత్తుకొని వచ్చేటంత పేదరికం మనకు లేదు. పాత హైదరాబాద్ కంటింజెంటు నుంచి పుట్టిన దక్కన్ హార్స్ 1916 జూలై 14న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో, ఈటెలు పట్టి దాడి చేసింది. అదే దక్కన్ హార్స్ 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద ట్యాంకులతో నిలిచింది. 4 గ్రెనేడియర్స్ హవల్దార్ అబ్దుల్ హమీద్ శత్రు ట్యాంకులను పేల్చి ప్రాణం ఇచ్చినది ఆ యుద్ధంలోనే. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చినారు.

యుద్ధం అయిపోతే సిపాహీని ఇంటికి పంపుతారు. అట్లా ఇంటికి పోయినవారి మంచి చెడ్డలు చూడడానికి 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పాటయింది. అదే 1975 నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డు. దాని క్రింద రాష్ట్ర, జిల్లా శాఖలు. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జెండా దినం. మన పిల్లలు బడిలో చొక్కాకు గుచ్చుకునే కాగితపు జెండా డబ్బులు ఈ పనికే పోతవి. 1964లో ఫీల్డ్ మార్షల్ కరియప్ప పూనుకొని మాజీ సైనికుల అఖిల భారత సంఘం, ఇండియన్ ఎక్స్ సర్వీసెస్ లీగ్, పెట్టినారు.

మరి మనవాళ్లలో చాలామంది ఈ గడప ఎందుకు తొక్కలేదు? దీనికి 1948 సంగతి చెప్పక తప్పదు.

1948 సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలయింది. 18న మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ హైదరాబాదు సైన్యాన్ని మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి అప్పగించినాడు. నిజాం సైన్యం రమారమి 22 వేలని చరిత్రకారులు చెప్పుతారు. రజాకార్లు వేరు, ఈ సైన్యం వేరు. రజాకార్లు కాసిం రజ్వీ దళం. వీరు జీతం తీసుకొని, హుకుం ప్రకారం కవాతు చేసిన నౌకరీదారులు. కాని ఊరివాళ్ల కండ్లకు ఆ దినాలలో ఖాకీ అంతా ఒక్కటే. రజాకార్లు చేసిన దౌర్జన్యాలు అట్లాంటివి, జనం కోపం ఊరికే పుట్టలేదు. ఆ కోపం నౌకరీదారు ఇంటి మీద కూడా పడ్డది. సైన్యం రద్దయి నౌకరీ పోయినవాడు బిళ్ల దాచినాడు, పటం గోడ నుంచి దించినాడు, సర్టిఫికెటు పెట్టె అడుగున పెట్టినాడు. కొందరిండ్లలో పొయ్యిలనే వేసినారు. తండ్రి ఫౌజులో ఉండె అని చెప్పుకోవడానికి కొడుకు జంకినాడు. ఆ జంకు ఒక తరంతో పోలేదు. తరువాత భారత సైన్యంలో చేరి, 1965లో, 1971లో పని చేసి వచ్చిన మనవాళ్లు కూడా సర్కారు దఫ్తరుకు పోయి మేము ఫలానా అని నిలబడడానికి వెనుకాడినారు. ఇది మేము పుస్తకంలో చదివినది కాదు, మా మొహల్లాలో చూసినదే.

ఒక్క సంగతి చెప్పుతాము, పేరు చెప్పము. బొగ్గుగనుల దగ్గరి ఒక బస్తీలో ఒక ఖాలా ఉన్నది. భర్త నాయక్‌గా రిటైరై వచ్చి, కొన్నాళ్లకు చనిపోయినాడు. ఆమె పేరు మా సంఘం వజీఫా జాబితాలో తొమ్మిదేండ్లు ఉన్నది. నెలకు ఇన్ని బియ్యం, రంజానుకు ఒక చీర. పెద్ద ఖిద్మత్ చేస్తున్నామనుకున్నాము. ఒకనాడు మాజీ సైనికుల సంఘం నుంచి ఒక పాత హవల్దారు వేరే పని మీద మా ఆఫీసుకు వచ్చి, జాబితా చూసి, "ఈమెకు ఫ్యామిలీ పెన్షను వస్తలేదా?" అని అడిగినాడు. మాలో ఒక్కరికీ జవాబు తెలువదు. ఆయన మన జమాత్ మనిషి కాదు, ఆమె ఎవరో కూడా ఎరుగడు. మా ముఖాలు చూసి ఇంకేమీ అనలేదు, ఇల్లు ఎక్కడని మాత్రం అడిగినాడు.

పెట్టె తీయిస్తే డిశ్చార్జి బుక్కు దొరికింది. అందులో భార్య పేరు ఒక తీరు, ఆధారులో ఒక తీరు, నిఖానామాలో ఉర్దూ. పెండ్లి సంగతి యూనిట్ వారు పార్ట్ టూ ఆర్డరులో ఎక్కించి రికార్డ్స్ ఆఫీసుకు పంపవలె. అది ఎక్కింది గాని, పేరులో "బీబీ" పోయి "బేగం" అయింది. ఒక్క మాట తేడాకు తొమ్మిదేండ్లు! ఆమె మొదట్లో ఒకసారి అర్జీ పెడితే పేరు కలువదని తిప్పి పంపినారట. మళ్లీ ఎవరిని అడుగలేదు. హవల్దారు సాబు నిఖానామాకు తర్జుమా చేయించినాడు, రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్ రాయించినాడు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్‌కు పంపినాడు. కాగితం రెండుసార్లు తిరిగి వచ్చింది, మూడోసారి పోయింది. పధ్నాలుగు నెలలకు పెన్షను మొదలయింది, వెనుకటి బకాయి కూడా వచ్చింది. ఆయన బస్సు చార్జీలు ఇవ్వబోతే తీసుకోలేదు. "మా సెక్షనుల మనిషి భార్య అనుకోండ్రి," అన్నాడు. చాయ్ మాత్రం తాగినాడు.

బకాయి వచ్చిన వారానికి ఖాలా మా ఆఫీసుకు వచ్చి, తన పేరు జాబితా నుంచి తీసి ఇంకొకరికి బియ్యం ఇవ్వుమన్నది. మేము తలలు దించుకున్నాము.

మాజీ సైనికుల సంఘాల సేవ అంటే రక్తదానాలు, ఆగస్టు పదిహేను కవాతు అని పేపర్లో వస్తుంది. అవీ ఉన్నవి. భర్తీ ర్యాలీకి పోయే పిల్లలను తెల్లవారుజామున మైదానంలో ఉరికించి తయారు చేయడం కూడా ఉన్నది. కాని అసలు పని ఇటువంటి కాగితాల పని. దానికి ఫోటో ఉండదు. ఇప్పుడది మరింత ముష్కిల్. పెన్షను అంతా స్పర్శ్ అనే కంప్యూటరు పద్ధతికి మారింది. బతికి ఉన్నట్టు ఏటా దాఖలా ఇవ్వవలె, వేలిముద్ర అరిగిన ముసలివాళ్లకు మిషను పలుకదు. 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకానికి కార్డు కావలె. పెన్షను లేని, 65 ఏండ్లు దాటిన హవల్దారు, అంతకు క్రింది హోదా వారికి సైనిక్ బోర్డు నెలనెలా ఇచ్చే సహాయాన్ని 2025లో 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచినారు. వారి వితంతువులకూ అది వర్తిస్తుంది. మన మొహల్లాలలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

అందుకని ఈ ఏడు వజీఫా ఫారంలో మేము ఒక గడి కొత్తగా చేర్చినాము: "ఇంట్లో ఎవరైనా ఫౌజులో పని చేసినారా?" ఉన్నదని రాసినవారి ఇంటికి మా కార్యకర్తతో పాటు మాజీ సైనికుల సంఘం మనిషి ఒకరు వస్తారు. డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ. కాగితం, నిఖానామా, బ్యాంకు పాసుబుక్కు, ఆధారు తీసి పెట్టుకోవలె. పేరు ఎక్కడ ఏ తీరు ఉన్నదో ముందే చూసి పెట్టుకుంటే సగం పని అయినట్టే. చిరిగిన కాగితమైనా పారవేయవద్దు. 1948కి ముందటి దస్తావేజులు, పటాలు, బిళ్లలు ఎవరి వద్దనైనా ఉంటే చూపించవలె, నకలు తీసుకొని అసలు వెంటనే తిరిగి ఇస్తాము. ఇప్పటికి పదకొండు ఇండ్ల నుంచి ఫారాలు వచ్చినవి. రెండిండ్లలో పెన్షను రావలసి ఉండి రావడం లేదని తేలింది. ఒకటి రికార్డ్స్‌కు పోయింది, రెండవదానికి డిశ్చార్జి బుక్కు ఇంకా దొరుకలేదు, వెదుకుతున్నారు.