1956–57 ఫుట్‌బాల్ సీజన్: హైదరాబాదు జట్లు, భారత జట్టు

1956–57 ఫుట్‌బాల్ సీజన్‌లో క్లబ్బు, రాష్ట్రం, దేశం అనే మూడు స్థాయుల్లోనూ హైదరాబాదు ఆట ప్రభావం ఒకేసారి కనిపించింది. ఈ సీజన్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఢిల్లీలోని డ్యూరాండ్ కప్ ఫైనల్‌కు చేరింది. హైదరాబాదు రాష్ట్ర జట్టు జాతీయ ఛాంపియన్‌షిప్ అయిన సంతోష్ ట్రోఫీని మొదటిసారి గెలుచుకుంది. హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకు మించిన స్థానాన్ని ఇప్పటివరకు అందుకోలేదు. ఇదే సీజన్‌లో, 1956 నవంబర్ 1న, కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రమూ హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతమూ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అందువల్ల ఈ సీజన్ క్రీడా చరిత్రకే కాక తెలుగువారి రాజకీయ చరిత్రకు కూడా ఒక మలుపులో నిలిచింది.

పోటీల నిర్మాణం

ఆ కాలంలో భారతదేశంలో జాతీయ స్థాయి లీగ్, అంటే దేశంలోని ప్రధాన క్లబ్బులన్నీ ఏడాది పొడవునా ఒకదానితో ఒకటి ఆడి పాయింట్లు కూడబెట్టుకొనే పోటీ, లేదు. కలకత్తా వంటి నగరాలు తమ తమ స్థానిక లీగ్‌లను నడుపుకొనేవి. ఏ నగరపు క్లబ్బు గొప్పదో తేలాలంటే బొంబాయిలోని రోవర్స్ కప్, ఢిల్లీలోని డ్యూరాండ్ కప్ వంటి నాకౌట్ పోటీలే, అంటే ఓడిన జట్టు వెంటనే నిష్క్రమించే పోటీలే, ప్రమాణంగా ఉండేవి. డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో బ్రిటిష్ సైనికుల కోసం మొదలై 1940లో ఢిల్లీకి మారగా, రోవర్స్ కప్ 1891లో బొంబాయిలో ప్రారంభమైంది. వీటికి భిన్నంగా, 1941లో మొదలైన సంతోష్ ట్రోఫీలో క్లబ్బులు కాక రాష్ట్రాల సంఘాలు, సైన్యం వంటి సంస్థలు ఎంపిక చేసిన జట్లు తలపడతాయి. బెంగాల్‌లోని సంతోష్ సంస్థానాధిపతి పేరు మీదుగా ఆ ట్రోఫీకి ఆ పేరు వచ్చింది.

ఈ నిర్మాణం భారతదేశానికి మాత్రమే ప్రత్యేకమైనది కాదు. 1954లో ప్రపంచ కప్ గెలిచిన పశ్చిమ జర్మనీలో సైతం 1963లో బుండెస్‌లీగా మొదలయ్యేవరకు దేశమంతటికీ ఒకే లీగ్ ఉండేది కాదు. ఓబర్‌లీగా అనే ప్రాంతీయ లీగ్‌లలో ముందు నిలిచిన క్లబ్బులు సీజన్ చివర జాతీయ టైటిల్ కోసం ఆడేవి. ఆ పద్ధతిలోనే బొరుస్సియా డోర్ట్‌మండ్ 1956లోనూ 1957లోనూ వరుసగా జర్మన్ ఛాంపియన్ అయింది. అయితే జర్మనీలో ప్రాంతీయ లీగ్‌ల నుండి జాతీయ పోటీకి ఒక నిర్దిష్టమైన మార్గం ఉండగా, భారతదేశంలో నగర లీగ్‌లకూ జాతీయ కప్‌లకూ మధ్య అటువంటి మార్గం ఏర్పడలేదు.

నేపథ్యం

హైదరాబాదు ఫుట్‌బాల్‌కు అప్పటికి రెండు ఆధారాలు ఉండేవి. మొదటిది సికింద్రాబాదు కంటోన్మెంటు, అంటే సైన్యం స్థిరంగా విడిది చేసిన ప్రాంతం. సైనికుల ఆటను చూసి చుట్టుపక్కల బస్తీల పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. రెండవది నగర పోలీసు శాఖ. ఆట బాగా ఆడే యువకులకు పోలీసు ఉద్యోగం లభించేది కాబట్టి, జీతంపై బతుకుతూనే నిత్యం సాధన చేసే అవకాశం వారికి దొరికింది. వృత్తిపరమైన ఫుట్‌బాల్ లేని రోజుల్లో పేద కుటుంబాల నుండి వచ్చిన ఆటగాడికి ఆ ఉద్యోగమే అన్నిటికన్నా పెద్ద భరోసా. పోలీసు ఉన్నతాధికారి శివకుమార్ లాల్ ఈ జట్టుకు ప్రోత్సాహకుడిగా నిలిచారు.

ఈ రెండు ఆధారాలనూ ఒక పద్ధతిగా మలచిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన ఆయన కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1940ల నుండి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉంటూ, 1950 నుండి సిటీ పోలీస్ జట్టుకూ భారత జట్టుకూ శిక్షకుడయ్యారు. ఆయన శిక్షణలో సిటీ పోలీస్ 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్‌ను, 1950లోనూ 1954లోనూ డ్యూరాండ్ కప్‌ను గెలుచుకోగా, భారత జట్టు 1951లో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి స్వర్ణం సాధించింది.

ఈ విజయాల నడుమ ఒక ఘోర పరాజయం కూడా ఉంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. అప్పటి భారత ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా, వట్టి కాళ్లతో ఆడేవారు; చలి, తడి నేల ఉన్న యూరప్ మైదానంలో అది వారికి పెద్ద ప్రతిబంధకమైంది. ఆ తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. 1956–57 సీజన్‌లో కనిపించిన మార్పుకు మూలం ఆ నాలుగేళ్ల పునర్నిర్మాణంలోనే ఉంది.

శిక్షణ పద్ధతి

రహీం పద్ధతికి పునాది వ్యక్తిగత విన్యాసం కాక సమష్టి ఆట. బంతిని కాలి వద్ద ఎక్కువసేపు ఉంచుకోకుండా, అందిన వెంటనే దగ్గరలోని సహచరునికి అందించి, తాను ఖాళీ స్థలంలోకి పరుగెత్తాలన్నది ఆయన బోధన. దీన్ని అలవాటు చేయడానికి డ్రిబ్లింగ్‌ను, అంటే ప్రత్యర్థులను తప్పించుకొంటూ బంతిని నడిపించుకొని పోవడాన్ని, నిషేధించి ఆయన యువకులకు ప్రత్యేక పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోనూ, ఎడమకాలి వాటం ఉన్నవారు కుడికాలితోనూ మాత్రమే బంతిని తన్నవలసిన పోటీలను కూడా నిర్వహించేవారు. రెండు కాళ్లూ సమానంగా పనిచేసే ఆటగాడు ఏ పక్క నుండి వచ్చిన బంతినైనా ఆపకుండానే పంపగలడు కాబట్టి, వేగంగా బంతిని అందించుకొనే ఆటకు ఈ సాధన అత్యవసరమైంది. తరగతి గదిలో పాఠాన్ని భాగాలుగా విడదీసి చెప్పే ఉపాధ్యాయుని పద్ధతే ఆయన మైదానంలోనూ పాటించారని ఈ పోటీల స్వరూపం సూచిస్తుంది.

క్లబ్బు స్థాయి

1956–57 సీజన్ సిటీ పోలీస్‌కు కప్పులు దక్కిన సీజన్ కాదు. రోవర్స్ కప్‌లో వారి ఐదేళ్ల ఆధిపత్యానికి 1955లో మోహన్ బగాన్ విజయంతో తెరపడగా, 1956లో ఆ కప్పు కలకత్తాకే చెందిన మహమ్మడన్ స్పోర్టింగ్ వశమైంది. డ్యూరాండ్ కప్‌లో సిటీ పోలీస్ ఫైనల్ వరకు వచ్చి ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడిపోయింది. కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకు వేలాది ప్రేక్షకుల అండ, వారి ద్వారా వచ్చే ఆదాయం ఉండగా, అలాంటి ఆదాయం లేని ఒక ప్రభుత్వ శాఖ జట్టు ఏటా వాటితో సమఉజ్జీగా నిలవడమే అసాధారణమైన విషయం. అదే సమయంలో హైదరాబాదు ఆటగాళ్లు మెరుగైన అవకాశాల కోసం కలకత్తాకు వలస పోవడం కూడా సాగుతూ వచ్చింది. ఈ సీజన్‌లో వెలుగులోకి వచ్చిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరడం ఆ ధోరణికి ముఖ్యమైన ఉదాహరణ.

రాష్ట్ర స్థాయి: సంతోష్ ట్రోఫీ

హైదరాబాదు జట్టు 1949–50, 1950–51 సీజన్లలో వరుసగా రెండు సార్లు సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు చేరి రెండు సార్లూ బెంగాల్ చేతిలో ఓడిపోయింది. 1956–57లో తిరువనంతపురంలో జరిగిన పోటీలో ఆ లోటు తీరింది. బొంబాయితో జరిగిన ఫైనల్ 1–1 స్కోరుతో సమంగా ముగియడంతో, పెనాల్టీ షూటౌట్ లేని ఆ రోజుల నియమం ప్రకారం రీప్లే, అంటే అదే మ్యాచ్‌ను మళ్లీ ఆడించడం, జరిగింది. అందులో హైదరాబాదు 4–1 తేడాతో గెలిచింది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పెరిగిన బలరాం ఈ జట్టులో సభ్యుడు. పేద కుటుంబంలో పుట్టిన అతనిని గుర్తించి శిక్షణ శిబిరానికి రప్పించినవారు రహీం.

జాతీయ జట్టు: మెల్‌బోర్న్ ఒలింపిక్స్

1956 నవంబర్, డిసెంబర్ నెలల్లో జరిగిన మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ పోటీ నుండి పలు దేశాలు తప్పుకోగా, చివరికి 11 జట్లు మాత్రమే ఆడాయి. భారత జట్టుకు బెంగాల్‌కు చెందిన సమర్ బెనర్జీ నాయకత్వం వహించారు. హైదరాబాదు నుండి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం తదితరులు జట్టులో ఉన్నారు. హైదరాబాదులో పుట్టి సైన్యంలో చేరి, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు ఆడిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా ఇదే జట్టులోనివారు.

మొదటి రౌండ్‌లో ప్రత్యర్థిగా ఉండవలసిన హంగేరీ పోటీకి రాకపోవడంతో భారత్‌కు వాకోవర్, అంటే ఆడకుండానే తరువాతి దశకు చేరే అవకాశం, లభించింది. డిసెంబర్ 1న క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను భారత్ 4–2 తేడాతో ఓడించింది. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియా ఆటగాడయ్యారు. నాలుగో గోల్‌ను కృష్ణస్వామి చేశారు. ఈ విజయంతో ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశంగా భారత్ నిలిచింది.

డిసెంబర్ 4న సెమీఫైనల్లో, నాలుగేళ్ల కిందట పది గోల్స్ చేసిన యుగోస్లావియాయే మళ్లీ ఎదురైంది. మొదటి సగం గోల్ లేకుండా ముగిసిన తరువాత డిసౌజా గోల్‌తో భారతే ముందంజ వేసింది. అయితే యుగోస్లావియా వెంటనే పుంజుకొని 4–1 తేడాతో గెలిచింది. మ్యాచ్ మధ్యలో ఆటగాణ్ణి మార్చుకొనే నియమం అప్పుడు లేనందున, మైదానంలో దిగిన పదకొండు మందే చివరి వరకు ఆ వేగాన్ని తట్టుకోవలసి వచ్చింది. డిసెంబర్ 7న కాంస్య పతకం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3–0 తేడాతో భారత్‌ను ఓడించింది. డిసౌజా నాలుగు గోల్స్‌తో పోటీలో అత్యధిక గోల్స్ చేసిన ముగ్గురిలో ఒకరయ్యారు. సోవియట్ యూనియన్ చేతిలో మొదటి రౌండ్‌లోనే 2–1 తేడాతో ఓడి వెనుదిరిగిన ఉమ్మడి జర్మనీ జట్టుతో పోల్చితే, భారత జట్టు చేరిన దూరం ఎంతటిదో తెలుస్తుంది.

రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ, రాయలసీమ

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమకు రాజధాని గానీ హైకోర్టు గానీ కోరుకొనే హక్కు గుర్తింపు పొందింది. దాని ఫలితంగానే 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక కార్యాలయాలను గుడారాల్లో నడపవలసిన స్థితిలో మూడేళ్లు గడిచాక, 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. అంతవరకు రాజకీయంగా మద్రాసుతోనూ ఆపై కర్నూలుతోనూ ముడిపడి ఉన్న కర్నూలు, కడప జిల్లాల ప్రజలకు ఒలింపిక్ స్థాయి ఆటగాళ్లను తయారుచేసే నగరం ఆ రోజుతో సొంత రాష్ట్ర రాజధాని అయింది.

అయితే క్రీడా సరిహద్దులు రాజకీయ సరిహద్దులంత త్వరగా మారలేదు. హైదరాబాదు రాష్ట్రం తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాలుగా మూడు రాష్ట్రాల్లో కలిసిపోయిన తరువాత కూడా 1957–58 సంతోష్ ట్రోఫీలో జట్టు హైదరాబాదు పేరుతోనే ఆడింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో ఉమ్మడి జట్టు ఆ తరువాతనే వచ్చింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ ఆటకు ఆధారాలైన కంటోన్మెంటు, నగర పోలీసు శాఖ, రహీం శిక్షణ మూడూ ఒకే నగరానికి పరిమితమై ఉండగా, అలాంటి వ్యవస్థ మెట్ట జిల్లాలైన కర్నూలు, కడపలకు విస్తరించలేదు. రాయలసీమలో ఫుట్‌బాల్‌కు పద్ధతి ప్రకారం శిక్షణ ఇచ్చే ప్రయత్నం చాలా కాలం తరువాత, అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు గ్రామీణ బాలబాలికల కోసం నెలకొల్పిన క్రీడా కేంద్రంలో బలంగా రూపుదిద్దుకొంది.

తదనంతర పరిణామాలు

తరువాతి సీజన్ హైదరాబాదు ఆటకు శిఖరం వంటిది. 1957–58లో సిటీ పోలీస్ రోవర్స్ కప్‌ను తిరిగి గెలుచుకొని, డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి ముందటి ఏడాది ఓటమికి బదులు తీర్చుకోగా, హైదరాబాదు జట్టు సొంత నగరంలో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బొంబాయిని 3–1 తేడాతో ఓడించి జాతీయ టైటిల్‌ను నిలబెట్టుకుంది. అలా దేశంలోని ప్రధాన పోటీల్లో మూడు ఒకే సీజన్‌లో ఒకే నగరానికి దక్కాయి. ఆపై జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961 డ్యూరాండ్ కప్‌ను సాధించింది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965–66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. రహీం శిక్షణలో భారత్ 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి రెండోసారి స్వర్ణం పొందింది. 1963 జూన్ 11న రహీం మరణించారు. ఆ తరువాత భారత జట్టు ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం సాధించలేదు.

ప్రాముఖ్యం

1956–57 సీజన్ ఫలితాలను విడివిడిగా చూస్తే ఒక ఫైనల్ ఓటమి, ఒక ట్రోఫీ, ఒక నాలుగో స్థానం మాత్రమే కనిపిస్తాయి. వాటిని కలిపి చూసినప్పుడు క్లబ్బులో నేర్చిన ఆటనే రాష్ట్ర జట్టు, ఆ ఆటనే ఒక మేరకు దేశం జట్టు ఆడిందనీ, ఆ మూడింటినీ ఒకే శిక్షకుని ఆలోచన కలిపి ఉంచిందనీ స్పష్టమవుతుంది. ఆటగాళ్లకు ఉద్యోగ భద్రత, యువకులకు క్రమబద్ధమైన సాధన, స్థానిక క్లబ్బు నుండి జాతీయ జట్టు వరకు తెగని దారి ఉంటే పరిమిత వనరులున్న నగరం సైతం అంతర్జాతీయ స్థాయిని చేరగలదని ఈ సీజన్ నిరూపించింది. అదే వ్యవస్థ ఒక్క వ్యక్తిపైనా ఒక్క నగరంపైనా ఆధారపడి, జిల్లాలకు వేళ్లూనకపోతే ఒక తరం దాటి నిలవదని తరువాతి చరిత్ర నిరూపించింది. తెలుగు రాష్ట్రాల్లో ఫుట్‌బాల్ పునరుద్ధరణ గురించి జరిగే ఏ ఆలోచనకైనా ఈ రెండు పాఠాలూ కలిసి ప్రాతిపదిక కావలసి ఉంటుంది.