ఆకలి ఓడల్లో విందులు

1978 సెప్టెంబరు 17, ఆదివారం రాత్రి. అమెరికాలో ఏబీసీ టీవీ ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ మొదటి కథను మూడు గంటల పాటు వేసేందుకు సిద్ధమైంది. తీరా కథ నడుస్తుండగా ప్రసారం ఆగిపోయింది. ఈజిప్టు, ఇజ్రాయెల్ నాయకులు క్యాంప్ డేవిడ్ ఒప్పందాలకు వచ్చారన్న వార్త తెర మీదికి వచ్చింది. ఆ రాత్రి కథ మొదలైంది కూడా ఒక శాంతి ఒప్పందంతోనే. కాకపోతే అది వల. సైలాన్లనే యంత్రజాతి సంధి పేరు చెప్పి దాడికి దిగుతుంది. మనుషులు కాపురమున్న పన్నెండు లోకాలు బూడిదవుతాయి. బతికి బయటపడ్డవాళ్లు 220 ఓడల్లో కిక్కిరిసి, మిగిలిన ఒకే ఒక్క యుద్ధనౌక వెంట, భూమి అనే చోటును వెతుక్కుంటూ బయల్దేరతారు.

ఈ గాథలో పెద్ద విలన్లకు కొదవ లేదు. తన జాతినే అమ్మేసిన బాల్టార్ ఉన్నాడు, ఎర్రకన్ను అటూ ఇటూ తిప్పే ఇనుప సైనికులు ఉన్నారు. వాళ్లు చేసే పని ఒక్కటే, తరమడం. తరిమివేతకు గురైనవాళ్ల బతుకు ఎలా ఉంటుందో చూపించింది మాత్రం ఒకటి రెండు భాగాల్లో వచ్చి వెళ్లిపోయే చిన్న విలన్లు. రామాయణంలో మంథర కనిపించేది కాసేపే. అయినా అయోధ్య అల్లకల్లోలమైంది ఆమె మాటతోనే కదా.

అలాంటివాళ్లలో మొదటివాడు సైర్ యూరీ. ఆ వేషం వేసింది రే మిల్లండ్. ‘ది లాస్ట్ వీకెండ్’లో తాగుబోతు రచయితగా నటించి ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్న మనిషి. కథలో అప్పటికి ఓడల్లో తిండి కలుషితమైపోయి ఉంటుంది. పిల్లలు ఆకలికి సోలిపోతుంటారు. అదే గుంపులో ‘రైజింగ్ స్టార్’ అనే విలాస నౌకలో యూరీ సరుకు దాచుకుని, తనవాళ్లతో విందు చేసుకుంటుంటాడు. కెప్టెన్ అపోలో సైనికులతో వచ్చి ఆ సరుకును స్వాధీనం చేసుకుంటాడు. యూరీ మాత్రం పాలకమండలిలో పెద్దమనిషిగానే కొనసాగుతాడు! అక్కడితో ఆగక, ఆయుధాలు వదిలేసి సైలాన్లతో రాజీ పడదామని వాదిస్తాడు. అలసిపోయిన జనం ఆ మాటకు తలూపుతారు కూడా. ఆకలి మీద బతికినవాడు భయాన్ని పట్టుకుని నాయకుడయ్యే తీరును ఆ భాగం బాగా పట్టుకుంది. అదే కథలో కెరిలాన్ అనే గ్రహం మీద ఒవియన్లనే పురుగుజాతి జూదశాల నడుపుతూ, పీకల దాకా తినబెట్టి మనుషులనే ఆహారంగా వాడుకుంటుంది. చూడ్డానికి భయంకరమే. కానీ యూరీ భోజనాల బల్ల ముందు ఆ పురుగుల గుహ తేలిపోతుంది.

ఇంకొకడు కరిబ్డిస్. 1979 ఫిబ్రవరిలో వచ్చిన ‘మర్డర్ ఆన్ ది రైజింగ్ స్టార్’లో ఒక పైలట్ హత్యకు గురవుతాడు. నింద అపోలో స్నేహితుడు స్టార్‌బక్ మీద పడుతుంది. కూపీ లాగితే తేలేది ఇది: హతుడైన ఆ పైలట్, గ్రహాలు తగలబడుతున్న వేళ కొందరి దగ్గర లంచం తీసుకుని, దొంగ పేర్లతో ఓడ ఎక్కించాడు. తర్వాత వాళ్లనే బెదిరించి గుంజుతున్నాడు. వాళ్లలో ఒకడు కరిబ్డిస్, రక్షణ కంప్యూటర్లను పనిచేయకుండా చేసిన బాల్టార్ అనుచరుడు. లక్షల మంది నేల మీద మిగిలిపోయిన రోజున ఓడలో చోటుకు ధర పలికిందన్నమాట.

ఇది కల్పనకే పరిమితమైన సంగతి కాదు. ధారావాహిక నడుస్తున్న ఆ నెలల్లోనే వియత్నాం శరణార్థులు సముద్రం మీద ఉన్నారు. 1978 నవంబరులో ‘హాయ్ హాంగ్’ అనే పాత సరుకుల ఓడ సుమారు 2,500 మందితో మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ దగ్గర లంగరు వేసింది. ప్రభుత్వం దిగనివ్వలేదు. ఆ ఓడలో చోటు కోసం జనం బంగారం చెల్లించారు. డిసెంబరులో ‘హ్యూయీ ఫాంగ్’ 3,300 మందికి పైగా మనుషులతో హాంకాంగ్ చేరింది. దాని ఇంజిన్ గదిలో దాచిన బంగారం బయటపడింది. కెప్టెన్‌తో సహా కొందరికి జైలుశిక్షలు పడ్డాయి. మనుషుల ప్రాణభయాన్ని తులాల్లో తూచినవాళ్లు అక్కడా ఉన్నారు. వాళ్ల పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు.

ఇంత గట్టి సరుకు చేతిలో ఉన్నా 1978 నాటి బృందం దాని మీద నిలబడలేకపోయింది. సృష్టికర్త గ్లెన్ ఎ. లార్సన్ కౌబాయ్ కథల టీవీలో ఆరితేరినవాడు. యుద్ధనౌక కమాండర్ అడామాగా వేసిన లోర్న్ గ్రీన్ ‘బొనాంజా’ ఇంటిపెద్దగా అమెరికా అంతటికీ తెలిసినవాడు. వారానికో ఊరు, ఊరికో దుర్మార్గుడు, అతిథి పాత్రలో పేరున్న నటుడు: ఇది ఆనాటి టీవీ వ్యాపారం పద్ధతి. అందుకే ‘ది లాస్ట్ వారియర్’లో ఓడలన్నీ పక్కకు పోయి, ఒక సరిహద్దు పల్లె, దాన్ని పీడించే లసెర్టా అనే దొర, అతని చెప్పుచేతల్లో తుపాకీ పట్టిన ఒక సైలాన్ వచ్చారు. ఖర్చు భారీగా ఉండి, ప్రేక్షకులు తగ్గడంతో 1979 ఏప్రిల్‌లో ధారావాహిక ముగిసింది.

ఒక నటుడు మాత్రం దాన్ని వదల్లేదు. అపోలోగా వేసిన రిచర్డ్ హాచ్ ఏళ్ల తరబడి పునరుద్ధరణ కోసం పోరాడి, 1999లో సొంత ఖర్చుతో ఒక నమూనా చిత్రం కూడా తీశాడు. 2003 డిసెంబరులో రొనాల్డ్ డి. మూర్, డేవిడ్ ఐక్ గెలాక్టికాను సై ఫై ఛానల్ కోసం కొత్తగా తీసుకొచ్చినప్పుడు అపోలో వేషం మరొకరికి వెళ్లింది. హాచ్ మొదట నొచ్చుకున్నా తర్వాత టామ్ జారెక్‌గా వచ్చాడు. ఒకప్పుడు ప్రభుత్వ భవనాన్ని పేల్చి, ఖైదీల ఓడలో శిక్ష అనుభవిస్తున్న రాజకీయ తీవ్రవాది. ఎన్నికలు అడిగేదీ అతనే, చివరికి 2009లో తిరుగుబాటు చేసి ప్రజాప్రతినిధులను కాల్పించేదీ అతనే. అతను అడిగిన ప్రశ్నల్లో చాలా వాటికి ఆ ఓడల ప్రభుత్వ అధ్యక్షురాలి దగ్గర సరైన జవాబు ఉండదు. అందుకే ఆ పాత్ర అంత బలంగా నిలబడింది.

కొత్త కథలో బతికినవాళ్లు సుమారు 50,000. ఆ లెక్క టైటిళ్లలోనే కనిపించేది. దాంతో ప్రతి దుర్మార్గానికీ ఒక సంఖ్య తోడైంది. పెగాసస్ అనే రెండో యుద్ధనౌక దొరికినప్పుడు సంబరపడ్డ జనానికి దాని చరిత్ర ఆలస్యంగా తెలుస్తుంది. అడ్మిరల్ కెయిన్ దారిలో కలిసిన పౌర నౌకల నుంచి యంత్రభాగాలు, పనికొచ్చే మనుషులను లాక్కుని మిగతావాళ్లను దిక్కులేకుండా వదిలేసింది. ‘సిల్లా’ ఓడలో ఎదురుతిరిగినవాళ్ల కుటుంబాలను కాల్చమంది. ఆ సంగతి బయటపెట్టే, ఆమె కింద పనిచేసిన కర్నల్ ఫిస్క్ తర్వాత తానే నల్లబజారు వ్యాపారంలో దిగి, హత్యకు గురవుతాడు. ‘ది ఉమన్ కింగ్’లో డాక్టర్ రాబర్ట్ మరీ మామూలు మనిషి. మర్యాదగా మాట్లాడతాడు, పనిలో నేర్పరి. సాజిటారన్లనే జనం మందులు దండగ చేస్తారని అతని నమ్మకం. అందుకే వైద్యం చేస్తున్నట్టే వాళ్లను చంపుతుంటాడు. ఫిర్యాదులు వచ్చినా అధికారులు మొదట డాక్టర్ మాటే నమ్ముతారు. సైలాన్ల దాడులన్నిటికంటే ఆ వైద్యం దృశ్యాలే ఎక్కువ కలవరపెడతాయి. 2009 మార్చిలో ఐక్యరాజ్యసమితి ఈ ధారావాహిక బృందాన్ని న్యూయార్క్‌కు పిలిచి, మానవ హక్కుల మీద చర్చ పెట్టిందంటే ఇలాంటి కథల పుణ్యమే.

చివరగా ఫెలన్. 2006 జనవరిలో వచ్చిన ‘బ్లాక్ మార్కెట్’లో బిల్ డ్యూక్ వేసిన పాత్ర. మందులు, తిండి, ఆఖరికి పిల్లలు కూడా అతని దగ్గర సరుకే. ఆ భాగం తనకు నచ్చలేదని మూర్ స్వయంగా చెప్పుకున్నాడు. నిజమే, కథనం తడబడుతుంది, అపోలోకు ఉన్నట్టుండి పుట్టుకొచ్చిన గతం అతకదు. అయినా ముగింపు విషయంలో ఆ భాగాన్ని వెనకేసుకు రావాలి. అపోలో ఫెలన్‌ను కాల్చేస్తాడు, బజారును మాత్రం మూయించడు. ప్రాణాధారమైన మందులు ఆపకూడదు, పిల్లల జోలికి వెళ్లకూడదు అని షరతు పెట్టి, మిగతా బేరాలను సాగనిస్తాడు. ప్రభుత్వం ఇచ్చే రేషన్‌తో ఆ ఓడల్లో జనం గడవదని అతనికి తెలుసు. ఫెలన్ అనుచరులు ఆ షరతు విని, శవం పక్కనే నిలబడి ఒప్పుకుంటారు.