ఒకటో తేదీ ఊరు

మా నాయన నాకు ఇచ్చిపోయిన ఆస్తి రెండే రెండు. సీతారామపురంలో ఒక చిల్లర అంగడి, ఒక ట్రంకు పెట్టెడు అప్పు పుస్తకాలు. అంగడికి రెండుసార్లు రేకులు మార్చాను, ఒకసారి నేల గచ్చు చేయించాను. పుస్తకాలను మాత్రం అట్లాగే ఉంచాను. ఊరి చరిత్ర రాయమని ఎవరైనా అడిగితే శాసనాలు, తాళపత్రాలు నా దగ్గర లేవు. ఎర్ర అట్ట వేసిన ఆ పొడుగు పుస్తకాలే ఉన్నాయి.

వాటిలో పేరు, సరుకు, బాకీ తర్వాత చివరి గడిలో నాయన ఒక మాట రాసేవాడు, ఎప్పుడిస్తారో. పాత పుస్తకాల్లో ఆ గడి నిండా పంటలే. ‘కంది అమ్మినాక’, ‘సజ్జలు కొలిచినాక’, ‘పొగాకు వేలానికి’, ‘పొట్టేళ్ళ సంతకు’. ఎనభైల చివర్లో ‘జీతానికి’ అనే మాట అక్కడక్కడా మొదలవుతుంది. ఇప్పటి నా పుస్తకంలో నూటికి డెబ్బై బాకీలకు ఒకటే గడువు: ‘ఒకటికి’. పైరు మీద బతికిన ఊరు తారీఖు మీద బతికే ఊరుగా ఎట్లా మారిందో చెప్పడానికే ఈ రాత.

మా పక్క ఊళ్ళు తెలియనివాళ్ళకు ముందు మా కొండల సంగతి చెప్పాలి. నెల్లూరు జిల్లాకు పడమటి గోడ వెలిగొండలు. ఆ గోడకు ఈవల మేము, ఆవల కడప జిల్లా పోరుమామిళ్ళ, బద్వేలు. జిల్లా కేంద్రం నెల్లూరు వంద కిలోమీటర్ల పైమాటే. ఆర్డీవో ఆఫీసు పని పడితే ఆత్మకూరు, పెళ్ళి బట్టలకు ఉదయగిరి గానీ బద్వేలు గానీ. సముద్రం ఉన్న జిల్లాలో పుట్టి అరవై ఏళ్ళు వచ్చినా సముద్రం చూడని వాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

ఉదయగిరి దుర్గం సుమారు మూడు వేల అడుగుల కొండ. పైన చల్లగాలి, కోనేళ్ళు, కూలిన కోటగోడలు, మసీదు, గుళ్ళు. ఇంకో జిల్లాలో అయితే ఇది వేసవి విడిది అయ్యేదే. కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ అనే దొర 1870 ప్రాంతంలో మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టుకున్నాడు. ఆ కొండ హార్స్లీ కొండగా మారి, గెస్ట్‌హౌస్‌లు, టీ బంకులు, జీపులు, గదుల బాడుగలు అన్నీ దాని వెనకే వచ్చాయి. ఒక దొరకు ఉక్కపోసినందుకు నూటయాభై ఏళ్ళుగా ఎన్ని కుటుంబాలు అన్నం తింటున్నాయో చూడండి. మా దుర్గం మీద దొరలకు అంత మనసు పడలేదు. మాకు వచ్చినవాళ్ళంతా యుద్ధానికి వచ్చినవాళ్ళే. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఏడాదిన్నర కాచుకుని 1514లో పట్టుకున్నాడు. పోతూ పోతూ బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి 1515లో అక్కడ గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మా సీమ నుంచి వలసపోయిన పెద్దమనుషుల్లో బాలకృష్ణుడే మొదటివాడని నేను నవ్వులాటకు అంటుంటాను. హంపి మీదుగా చెన్నై చేరినవాడు మళ్ళీ తిరిగి రాలేదు.

కోట చూడటానికి ఇప్పటికీ పిల్లలు బైకుల మీద వస్తారు. పొద్దున ఎక్కి, ఫొటోలు తీసుకుని, పొద్దు గుంకేలోపల దిగి వెళ్ళిపోతారు. రాత్రి నిలవని మనిషి ఊరికి ఇచ్చేది ఒక టిఫిను, రెండు నీళ్ళ సీసాలు. కొండనే నమ్ముకుని బతికేది చెక్క గరిటెల వాళ్ళు. నర్ది, బిక్కి, దేవదారి లాంటి అడవి కర్రతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. ఆడవాళ్ళ చేతిపని అందులో ఎక్కువ. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ గరిటె అమ్ముడుపోయేది ఎక్కడో నగరాల ఎంపోరియంలో. ఉదయగిరి బస్టాండులో దిగినవాడు దాన్ని వెతుక్కుంటూ సందుల్లోకి పోవాలి.

మా మండలంలో జనం వచ్చే చోటు ఇంకొకటి ఉంది, ఘటిక సిద్ధేశ్వరం. అడవిలో, కొండల మధ్య సిద్ధేశ్వరుడు, ఇష్టకామేశ్వరి అమ్మవారు. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు కార్లు, ట్రాక్టర్లు, ఆటోలు బారులు తీరతాయి. పాడుబడ్డ ఈ గుడికి మళ్ళీ కళ తెచ్చిన మహానుభావుడు అవధూత కాశినాయన. ఆయన మా సీతారామపురం మండలం బెడుసుపల్లిలో 1895లో పుట్టారు. 1995లో కొండ ఆవల జ్యోతిక్షేత్రంలో సమాధి అయ్యారు. జ్యోతిక్షేత్రం ఉన్న మండలానికే ఇప్పుడు ఆయన పేరు. నూరేళ్ళ బతుకులో ఆయన చేసినవి రెండే పనులు, పాడుబడిన గుళ్ళు నిలబెట్టడం, వచ్చినవాడికి అన్నం పెట్టించడం.

ఇక్కడే వ్యాపారస్తుడిగా నా బుద్ధి కొంచెం అడ్డం తిరుగుతుంది. యాత్రికులు వచ్చే ఊరు ఎక్కడైనా దేని మీద బతుకుతుంది? అన్నం అమ్మి, గది బాడుగకిచ్చి. మా దగ్గరికి వచ్చే యాత్రికుడికి అన్నం ఊరికే పెడతారు, పడుకోవడానికి ఆశ్రమం వసారా ఉంటుంది. కాశినాయన ఆశ్రమం ఉన్నచోట భోజనం హోటలు పెట్టి నిలదొక్కుకున్నవాణ్ణి నేను చూడలేదు. ఎవరు పెడతారు, ఎవరు తింటారు? పైగా రైతులే బియ్యం మూటలు, కందిపప్పు, గుమ్మడికాయలు బండ్లకెత్తి ఆశ్రమానికి తోలుతారు. సరుకు నా అంగడి ముందు నుంచే పోతుంది గానీ లోపలికి రాదు. నాకు మిగిలేది కొబ్బరికాయ, కర్పూరం, ఊదుబత్తి. పుణ్యక్షేత్రం పక్కనే అంగడి ఉండి లాభం లేకపోవడం మా ఊరి వింత. దీనికి నేను ఏడవను. నేనూ ఆ బంతిలో కూర్చుని తిన్నవాణ్ణే.

అడవి నేల కావడం ఇంకో కట్టడి. లాడ్జీలు, కాటేజీలు కట్టుకుంటూ పోవడానికి వీలుకాదు. 2025 మార్చిలో జ్యోతిక్షేత్రంలోనే కొన్ని కట్టడాలను అటవీ శాఖ కూల్చింది. దానిపై గొడవ జరిగి, మంత్రి లోకేశ్ క్షమాపణ చెప్పి సొంత డబ్బుతో కట్టిస్తానన్నారు. అన్నదాన సత్రానికే అంత పేచీ ఉన్నప్పుడు రిసార్టు మాట ఎవరెత్తుతారు.

పుట్టపర్తి పోయి వచ్చినవాళ్ళు అక్కడి అపార్టుమెంట్లు చూసి మనకూ అట్లా ఉంటే అంటారు. నిజమే, అది కూడా ఒకనాడు చిన్న పల్లెటూరే. రిటైరైన ఉద్యోగస్తులు, విదేశీ భక్తులు ఇళ్ళు కొనుక్కుని చివరి రోజులు గడపడానికి వచ్చారు. 1990లో విమానాశ్రయం, 1991లో పెద్దాసుపత్రి వచ్చాయి. 2011 ఏప్రిల్ 24న సత్యసాయి బాబా పోయాక గదుల బాడుగలు పడిపోయి, ఆటోవాళ్ళు, అంగళ్ళవాళ్ళు దిక్కులు చూశారు. 2022లో జిల్లా కేంద్రం చేశాక మళ్ళీ కాస్త కదలిక. ఒక్క మనిషి మీద ఆనుకున్న ఊరికి ఆ భయం తప్పదు. మాది ఎవరిమీదా ఆనుకోని ఊరు, అనుకునేవాణ్ణి. పుస్తకం తిరగేశాక ఆ మాట అనడం మానేశాను.

‘జీతానికి’ అనే మాట ఎప్పుడు వచ్చిందో చెప్పాను కదా. 1985లో ఎన్టీ రామారావు తాలూకాలు తీసేసి మండలాలు పెట్టారు. అంతకుముందు కాగితం ముక్క కావాలన్నా ఉదయగిరి పోవాల్సిందే. సీతారామపురం మండలం కాగానే మండల రెవెన్యూ ఆఫీసు, మండల పరిషత్తు, వాటి గుమాస్తాలు, బిల్లు కలెక్టర్లు వచ్చారు. నాయన అంగట్లో కోల్గేట్ పేస్టు, హార్లిక్స్ సీసా అప్పుడే మొదటిసారి అద్దాల బీరువాలో కూర్చున్నాయి. బాడుగ ఇళ్ళకు గిరాకీ వచ్చింది. వెనక గది బాడుగకిచ్చి ఆ డబ్బుతో నన్ను ఇంటర్మీడియట్ చదివించాడు నాయన. మధ్యతరగతి అంటే మా ఊళ్ళో మొదట ఆ ఉద్యోగస్తులే. వాళ్ళకు సరుకిచ్చి నెల తిరక్కుండా డబ్బు తెచ్చుకున్న మాలాంటివాళ్ళు వాళ్ళ తర్వాత.

అది పది పదిహేనేళ్ళ ముచ్చట. రోడ్లు బాగుపడ్డాయి, మోటారు సైకిళ్ళు వచ్చాయి. ఉద్యోగస్తులు పిల్లల చదువుల కోసం ఉదయగిరిలో, బద్వేలులో, ఆత్మకూరులో కాపురాలు పెట్టి అప్ అండ్ డౌన్ మొదలుపెట్టారు. తొమ్మిదిన్నరకు బస్సు దిగేవాడు ఇంటి నుంచి క్యారియరు తెచ్చుకుంటాడు, సాయంత్రం నాలుగున్నరకు రోడ్డు మీద ఉంటాడు. జీతం ఇక్కడ పుట్టి ఇంకోచోట ఖర్చవుతుంది. అదే కాలంలో మా వయసు పిల్లలు బేల్దారి పనులకు, హోటళ్ళకు, ఆ తర్వాత కంప్యూటర్లకు హైదరాబాదు, బెంగళూరు దారి పట్టారు. వానలు మోసం చేస్తే మెట్ట పైరు మీద ఎవరు కూర్చుంటారు? వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు మా వైపుకూ వస్తాయని నా మీసాలు నల్లగా ఉన్నప్పటి నుంచీ వింటున్నాను.

పోయినవాళ్ళు ఇళ్ళు మాత్రం ఇక్కడ కట్టారు. గ్రానైటు మెట్లు, స్టీలు రెయిలింగు, మూడు బెడ్‌రూములు. అందులో ఉండేది ఒక ముసలమ్మ, ఒక ముసలాయన. వాళ్ళూ పడుకునేది వసారాలో నులక మంచం మీదే. సంక్రాంతికి అన్ని దీపాలూ వెలుగుతాయి, కనుమ మర్నాటికి ఆరిపోతాయి. పత్రికల్లో రిటైర్మెంట్ టౌన్ అని చదువుతుంటాను. తోటలు, నర్సులు, వాకింగు బాటలు ఉండే ఊళ్ళు. ఏరి కోరి వచ్చినవాళ్ళతోనే కాకుండా ఎక్కడికీ పోలేనివాళ్ళతో కూడా ఒక ఊరు రిటైర్మెంట్ ఊరవుతుందని ఎవరూ రాయరు. నిజానికి పెద్ద పెన్షను ఉన్న ఉద్యోగి రిటైరై మా ఊరికి రాడు. గుండె పట్టేస్తే అర్ధరాత్రి వంద కిలోమీటర్లు ఎవరు మోసుకుపోతారు? ఆయన నెల్లూరులో ప్లాటు కొనుక్కుంటాడు.

ఇక ఒకటో తేదీ. ముసలివాళ్ళ పింఛను 75 రూపాయలున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఆ డబ్బుతో వక్కాకు, పొగాకు తప్ప ఏమీ జరిగేది కాదు, బాకీ గడిలో దాని ఊసే ఉండేది కాదు. తర్వాత 200 అయింది. 2014 అక్టోబరులో 1,000 అయినప్పుడు మొదటిసారి ‘పింఛనుకు ఇస్తా’ అనే మాట నా అంగట్లో వినపడింది. 2019 మొదట్లో 2,000, ఆ ఏడే 2,250, 2022లో 2,500, 2023లో 2,750, 2024 జనవరిలో 3,000, అదే ఏడు జూలైలో 4,000. ప్రభుత్వాలు మారాయి, పథకం పేర్లు మారాయి, అంకె మాత్రం పెరుగుతూనే వచ్చింది. వంద మంది ముసలివాళ్ళున్న వీధికి నెలకు నాలుగు లక్షలు. వాన పడినా పడకున్నా వచ్చే పంట. మా మెట్ట నేలలో ఇంత నమ్మకమైన పైరు మా తాతల కాలంలో ఎవరూ వేయలేదు.

ఒకటో తారీఖు తెల్లవారగానే సచివాలయం పిల్లలు ఫోను, మిషను పట్టుకుని వీధుల్లోకి వస్తారు. కలుపు తీసి, కట్టెలు కొట్టి అరిగిపోయిన వేళ్ళకు వేలిముద్ర పడదు. గుడ్డతో తుడుస్తారు, నూనె రాస్తారు, చివరికి కంటిపాప చూస్తారు. తొమ్మిదికల్లా నోట్లు చేతుల్లో ఉంటాయి. పదికి నా అంగడి నిండుతుంది. మందుల అంగడి, ఊరి డాక్టరు, ఉదయగిరి ఆటో, కోడి కూర అంగడి, అందరికీ ఆ రెండు రోజులే తిరునాళ్ళు. నా సరుకు వ్యాను అందుకే ఇరవై ఎనిమిదికో, ఇరవై తొమ్మిదికో దిగేట్టు చూసుకుంటాను. ఒకటి సెలవైతే పింఛను ముందురోజే పంచుతారు, ఆ లెక్క కూడా క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుంటాను.

2024 జూలై ఒకటిన పాత మూడు నెలల పెంపు కలిపి ఒక్కొక్కరికి 7,000 వచ్చాయి. ఆ రోజు మా వీధి చివరి జేజి ఒకామె వచ్చి రెండు ఐదువందల నోట్లు బల్ల మీద పెట్టింది. నెల బాకీ అంత లేదు. “ఇదేంది జేజీ?” అన్నాను. “నీ పుస్తకంలో కాదబ్బయ్యా, మీ నాయన పుస్తకంలో చూడు. మావాడి పేరు మీద ఉండాది” అంది. ట్రంకు పెట్టె తీసి గంటసేపు వెతికాను. ఉంది. 412 రూపాయలు, ‘కంది అమ్మినాక’. ఆ కంది ఎండిపోయింది, కొడుకు బెంగళూరు బస్సెక్కాడు, ఆ గడి అట్లాగే ఉండిపోయింది. మిగతా డబ్బు వెనక్కి ఇస్తే వడ్డీ అనుకోమంది. నేను తీసుకోలేదని ఆమె అలిగింది. చివరికి రెండు కిలోల కందిపప్పు కట్టించుకుపోయింది.

ఈ పింఛను డబ్బు మీదే నేను మధ్యతరగతివాణ్ణి. సొంత ఇల్లు, ఒక ఫ్రిజ్జు, ఒక స్కూటరు, నెల్లూరులో బీటెక్ చదివిన కూతురు. ఆ పిల్ల ఇప్పుడు బెంగళూరులో ఉంది, సంక్రాంతికి వస్తుంది. నా అంగడిని నడిపించే ముసలివాళ్ళు ఏటేటా తగ్గుతున్నారు. కొత్త ముసలివాళ్ళు కావాల్సినవాళ్ళంతా ఊరు వదిలి పోయారు. ఈ లెక్క నేను మా ఇంటిదానికి చెప్పలేదు.

మైదుకూరు నుంచి సింగరాయకొండ పోయే జాతీయ రహదారి, 167బి, మా ఊరి మీదుగానే పోతుంది. మొన్న ఒక అబ్బాయి, నా కూతురితో చదువుకున్నవాడే, కారు ఆపి కూర్చున్నాడు. కొండ అడుగున వాళ్ళ నాయన పొలంలో నాలుగు కాటేజీలు కడతాడంట. బెంగళూరు వాళ్ళు శని ఆదివారాలు వస్తారంట, దుర్గం ఎక్కుతారంట, సిద్ధేశ్వరం చూస్తారంట. “నీ అంగడి కూడా మారిపోద్ది మామా. వారానికి ఎంతమంది వస్తే నీకు గిట్టుబాటవుతుంది చెప్పు” అన్నాడు. నేను చాలాసేపు ఆలోచించి అడిగాను.

“వాళ్ళకు అప్పు పెట్టొచ్చా అబ్బయ్యా?”

వాడు పగలబడి నవ్వాడు. నేను నవ్వులాటకు అడగలేదు.