అద్దకపు పటమును ఇంటి బొంతయు

గోదావరికి దక్షిణమున కరీంనగరము, ఉత్తరమున ఆదిలాబాదు. 2016లో ఈ రెండు జిల్లాలును పెక్కు ముక్కలైనవి గాని, నదికి ఇరువైపుల నున్న యిండ్లలో బొంత యొక్కటియే. చినిగిన చీరలను, ధోవతులను పొరలుగా పఱచి, వానిలో కొంత గట్టిగా నున్నదానిని పైన నుంచి, చేతిసూదితో కుట్టుట దీని పద్ధతి. ఆదిలాబాదు పొరుగున నున్న మరాఠీవారు దీనినే గోధడి యందురు.

ఇట్టి యిండ్ల స్త్రీలు కొందఱు ఇటీవల నడుమ చెట్టును, చుట్టు అంచును గల అద్దకపు పటములను గొని తెచ్చి, వీనిని ఏ కూర్పున కుట్టినచో బొమ్మ చక్కగా కనబడునని మమ్మడిగిరి. వారిలో నొకరు పటమును చదరపు ముక్కలుగా కోసి, బొంతలో నక్కడక్కడ పొదుగ దలచుచున్నారు. సాహిత్యపత్రికలో బొంతను గూర్చిన వ్యాసమా యని నవ్వువారు నవ్వుదురు గాక. సన్న్యాసి కప్పుకొనిన కంథకు నమస్కరించిన మనమే, ఇల్లాలు కుట్టిన బొంతను దారిద్ర్యచిహ్న మని మూల బెట్టితిమి. పై ప్రశ్నకు ప్రత్యుత్తరము కొఱకు మేము మూడువందల యేండ్లు వెనుకకు పోవలసివచ్చినది.

పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో మన తూర్పుతీరపు అద్దకము ఓడలకెక్కి ఐరోపాకు పోయెడిది. పానుపుమీద పఱచు గుడ్డకు పారసీకమున పలంగ్‌పోష్ అని పేరు. ఆంగ్లేయుల నోట నది పాలంపోర్ అయినది. గుట్టనుండి మొలచిన పూలచెట్టు నడుమను, లతలు చుట్టును వ్రాయబడిన ఆ గుడ్డ మంచమంతటికి నొక్కటే చిత్రము. దాని పని యెట్టిదనగా, గుడ్డను కరక్కాయరసమునను, పాలయందును ముంచి యెండబెట్టవలెను. ఇనుమును బెల్లపునీట నానవేసి తీసిన రసముతో నల్లని గీతలు గీయవలెను. పటికనీరు సోకిన చోటులే చిరువేరు కాచిన నీటిలో ఎఱుపెక్కును. నీలికి నీలిమందు వేఱుగ నుండును. ఇట్లు రంగు నూలులోనికి దిగుటచే ఉదికినను పోదు. ఆ రహస్యము మొదట ఐరోపావారికి తెలియదు. కావుననే వారికంత మోజు.

ఆ మోజును చూచి అక్కడి నేతగాండ్రు భయపడిరి. ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించి 1759 వఱకు ఆ నిషేధమును విడువలేదు. ఇంగ్లండు 1700లో ఇట్టి గుడ్డల దిగుమతిని, 1721 శాసనముచే అద్దకపు నూలుగుడ్డను కట్టుటను, ఇంట వాడుటను మాన్పించినది. అది 1774లో గాని తొలగలేదు. దొరకని వస్తువునకు విలువ హెచ్చుట సహజము. ఇంగ్లండున లెవెన్స్ హాల్ అను పాతభవనమున 1708 ప్రాంతపు బొంత యొకటి గలదు. భారతదేశపు అద్దకపు గుడ్డలను చిన్నచిన్న కోణాకృతులుగా కత్తిరించి కూర్చిన దది. పిమ్మట పూవులను, పక్షులను అంచువెంట కత్తిరించి తెల్లని గుడ్డమీద కుట్టు మఱియొక రీతియు పుట్టినది. కొంచెపు గుడ్డతో పెద్ద పఱపును నింపు నుపాయమది. ఆ స్త్రీల నేర్పును మెచ్చుకొనవలసినదే. కాని వారి కత్తెరకు కారణము కొఱత యని మఱువరాదు. మన బొంతలోని ముక్కలకును కారణమదియే.

గుడ్డ సులభమైన పిమ్మట వారేమి చేసిరో చూడుడు. పందొమ్మిదవ శతాబ్దారంభమున ఇంగ్లండులో బొంత నడుమ నుంచుటకే ప్రత్యేకముగా పటములు అచ్చొత్తిరి. మూడవ జార్జి ఏలుబడి యేబదవయేటి యుత్సవమునకై 1810లో నొకటి, విటోరియా యుద్ధమున వెల్లింగ్టన్ గెలిచిన 1813 నాటి దొకటి అట్టివి. 1773లో ఫిలడెల్ఫియాకు వలసపోయిన జాన్ హ్యూసన్ పూలకుండ పటము నద్దెను. ఆ పటమును బొంత నడుమ నుంచి, చుట్టు పిట్టలను, సీతాకోకచిలుకలను కూర్చిరి. పటము నిండుగా దొరకినప్పుడు వారును దానిని నడిమికి తెచ్చి, చుట్టు అంచులమీద అంచులు కట్టిరి.

కావున పటమును కోయదలచిన యా సోదరికి మా సలహా స్పష్టము. కోయవలదు. లేమివలన పుట్టిన కూర్పును, నిండుగుడ్డ చేతనుండగా అనుకరించుట తగదు. పటమును నడుమ నుంచి, దాని రంగులలో మెల్లని దానిని ఎంచి, బొమ్మలేని గుడ్డతో జానెడు అంచు వేయుడు. దాని వెలుపల కావలసినచో పాతచీరల ముక్కలంచు వేయవచ్చును. మన బొంత సొగసు అచ్చటనే బయటపడును. కుట్టు అంచులలో దగ్గఱ దగ్గఱగా నుండవలెను. పటములో మాత్రము కొమ్మల వెంట, ఆకుల వెంట పోవలెను. అడ్డముగా వరుసకుట్టు వేసినచో ప్రతి వరుసయు బొమ్మపై నొక నీడ గీయును. ఇంకొక చిక్కు గలదు. సాధారణపు బొంతకు తలవైపు, కాళ్లవైపు అను భేదము లేదు, చెట్టుబొమ్మకు మొదలున్నది. అది కాళ్లవైపున నుండునట్లు మొదటనే కొలత తీసికొనవలెను.

కుట్టుటకు ముందు అద్దకపు గుడ్డను, అంచుగుడ్డను వేఱువేఱుగ చన్నీట తడిపి నీడన ఆఱవేయుడు. క్రుంగునది అప్పుడే క్రుంగును, కాఱు రంగు అప్పుడే కాఱును. అడుగుపొరకు క్రొత్తగుడ్డ కొననక్కఱలేదు. పెట్టెలో అమ్మమ్మ చీర యున్నచో అదియే చాలును.