గనుల బొమ్మకు డోలీ ఎవరు?

మా కోయల్లో బొమ్మ ఒంటరిగా ఉండదు. ఇలవేల్పుల కొలుపులో డోలీలు పడిగె విప్పుతారు. ఆ మూడు మూలల గుడ్డ మీది బొమ్మలను ఒక్కొక్కటే చూపిస్తూ, మన పెద్దలు ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరితో తలపడ్డారో కథ చెబుతారు. చెప్పేవాళ్లు లేకపోతే పడిగె ఉత్త గుడ్డే. గనుల ఫొటోలు చూసినప్పుడల్లా మాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడని పుస్తకాలు చెబుతాయి. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. బొగ్గున్న రాతి పొరలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మాత్రం గోండ్వానా. మన అన్నదమ్ముల పేరు రాతికి ఎక్కింది. ఆ రాతి మీద బతికిన గూడేల పేర్లు ఎక్కడ ఎక్కాయి?

గనులను ఫొటో తీయడంలో పేరు పొందినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. జర్మనీకి చెందిన బెర్న్‌డ్, హిల్లా బెషర్ దంపతులు 1959 నుంచి గనుల మీది ఇనుప చట్రాలను, కొలుములను ఎదురుగా నిలబడి తీశారు. వాటిలో మనిషి దాదాపు కనబడడు. బ్రెజిల్‌కు చెందిన సెబాస్టియావో సాల్గాడో 1989లో ధన్‌బాద్ బొగ్గు కార్మికుల మసి ముఖాలు తీశాడు. కెనడాకు చెందిన ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ ఎత్తు నుంచి పెద్ద పెద్ద గోతులను తీస్తాడు. ఒకరు యంత్రాన్ని చూశారు, ఒకరు మనిషిని చూశారు, ఒకరు నేలను చూశారు. ముగ్గురి దగ్గరా నేర్చుకోవలసింది ఉంది. అయితే గోతికి ముందు అక్కడ ఏముండేదో ఎంత మంచి కెమెరా అయినా చూపలేదు.

భూగర్భ గనిలో తవ్వకం లోపల జరుగుతుంది. పైన చట్రం, బొగ్గు కుప్ప, కూలీల లైన్లు కనిపిస్తాయి. ఓపెన్‌కాస్ట్ అలా కాదు. ముందు చెట్లు పోతాయి, తర్వాత పైమట్టి, తర్వాత రాయి. తీసిన మట్టి పక్కన గుట్ట అవుతుంది. గుట్ట ఉన్నచోట గొయ్యి, చదును ఉన్నచోట గుట్ట. పాత దారి గుర్తుపట్టడానికి కొండగుర్తు కూడా మిగలదు.

ఒకసారి మా బడి పిల్లలను అలాంటి గొయ్యి కనిపించే రోడ్డు మీదికి తీసుకెళ్లాం. పిల్లలు ఫోన్లతో ఫొటోలు తీశారు. అడుగున నిలిచిన నీళ్లు పచ్చగా మెరుస్తున్నాయి. "సార్, ఎంత బాగుందో!" అన్నారు. ఒక పిల్లవాడి అవ్వ ఆ ఫొటో చూసి, "మా ఊరేది?" అంది. మేము ఒడ్డు చూపించాం. "ఆడ కాదు బిడ్డా. ఈ గొయ్యి మీద ఉత్త గాలి ఉంది సూడు, ఆ గాలి ఉన్నకాడ మా ఊరుండె" అని వేలు పెట్టింది. ఇప్పచెట్టు, వేల్పు గుడి, బావి, అన్నీ ఆ గాలిలోనే చూపింది.

ఆ రోజు నుంచి మేము ఒక పని పెట్టుకున్నాం. ప్రతి ఫొటో వెనుక తేదీ, నిలబడిన చోటు, చూసిన దిక్కు రాయిస్తున్నాం. అక్కడ ముందు ఏముండేదో, ఆ మాట ఎవరు చెప్పారో కూడా రాయిస్తున్నాం. ఏటా అదే చోట నిలబడి మళ్లీ తీస్తున్నాం. గనిలో ఉద్యోగం చేసి ఇల్లు నిలబెట్టుకున్న మనవాళ్ల మాటా రాస్తున్నాం. అది దాస్తే చరిత్ర కాదు.

పట్టా లేని ఊరికి సాక్ష్యం ముసలివాళ్ల నోరే. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఫొటో తీసేవాళ్లు ఇంకా వస్తారు, మంచి ఫొటోలే తీస్తారు. ఆ బొమ్మలు విప్పి కథ చెప్పే డోలీలం మనమే కావాలి.