వేలి కింద జారే గడ్డ

సర్జరీ ఓపీలో పరదా వెనక బల్ల మీద ఆయన చొక్కా విప్పి కూర్చున్నాడు. మీరు గోడ వారగా నిలబడండి, కిటికీ వెలుతురు ఆయన వీపు మీద పడాలి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీ, యాభై దాటిన మనిషి. కుడి భుజం వెనక, సరిగ్గా బస్తా ఆనే చోట, చర్మం ఉబ్బి ఉంది. దాని మీద ముడుచుకుపోయిన పాత మచ్చ.

"సున్నం, బెల్లం కలిపి పట్టీ వేశాం డాక్టరమ్మా" అంటుంది భార్య. "గడ్డ కరగలేదు. తోలు ఊడి పుండైంది."

డాక్టరమ్మ మందలించదు. అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంటుంది. "ఎన్నాళ్ల నుంచి బాబాయ్?"

"ఆరేడేళ్లయింది. మెల్లగా పెరిగింది. బస్తా పడితేనే నొప్పి."

ఇప్పుడు ఆమె వేళ్లనే చూడండి. ముందు చెయ్యి తిరగేసి ఆనిస్తుంది. చీముగడ్డ అయితే వేడి తగలాలి, ఇక్కడ లేదు. పైచర్మాన్ని రెండు వేళ్లతో పట్టి ఎత్తుతుంది. మచ్చ దగ్గర తప్ప మిగతా అంతా గడ్డను వదిలి తేలిగ్గా లేస్తోంది. చర్మపు తిత్తి అయితే చర్మాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది, మధ్యలో చిన్న నల్ల రంధ్రం కూడా కనిపించవచ్చు. తర్వాత గడ్డ అంచు మీద చూపుడువేలు నొక్కుతుంది. గడ్డ వేలి కింద నుంచి పక్కకు జారిపోతుంది. ఆయన సరేనన్నాడు, మీరూ నొక్కి చూడండి. మెత్తగా ఉంది, దొరికినట్టే దొరికి తప్పుకుంది.

"భుజాలు పైకి లేపు బాబాయ్, నేను కిందికి నొక్కుతుంటాను." కండరం బిగుసుకుంది. గడ్డ దాక్కోలేదు, ఇంకా తేటగా పైకొచ్చింది. అంటే కండరం పైనే ఉంది.

ఏ యంత్రమూ రాకముందే ఈ రెండు నిమిషాల్లో ఇంత తెలిసింది. ఈ పరీక్ష తొందరలో ఎగిరిపోకూడదని నా గట్టి కోరిక.

"కేన్సరా అమ్మా?" భార్య గొంతు తగ్గింది.

"కొవ్వు గడ్డలాగే ఉంది పిన్నీ. నూటికి ఒకరికి ఉంటుంది. దీన్ని లైపోమా అంటాం. ఇది కేన్సర్‌గా మారడమన్నది చాలా చాలా అరుదు."

"నూనె తగ్గించమంటారా?"

"ఒళ్లు తగ్గినా ఇది తగ్గదు. వేరేచోట ఉంటే వదిలెయ్యమనేదాన్ని. ఇది రోజూ బరువు కింద నలుగుతోంది, తీసేద్దాం. ముందు ఒక స్కానింగ్."

అల్ట్రాసౌండ్ తెర మీద గడ్డ చర్మానికి సమాంతరంగా పడుకుని ఉంది, లోపల సన్నని తెల్ల గీతలు. పొడవు 4 సెంటీమీటర్లు. 5 దాటినా, కండరం లోపలికి దిగినా, గబగబా పెరిగినా, గట్టిగా తగిలినా ఎమ్మారై తీయించి, అవసరమైతే ముక్క పరీక్షించాకే కత్తి పట్టేవారు. కొవ్వులోనే పుట్టే లైపోసార్కోమా అనే కేన్సర్ ఒకటుంది. వేలికి అది ఒక్కోసారి ఇలాగే తగలొచ్చు.

మైనర్ ఓటీ. ఆయన బోర్లా పడుకున్నాడు. అడ్రినలిన్ కలిసిన లిగ్నోకెయిన్ అనే తిమ్మిరి మందు, కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు మించకుండా లెక్క కట్టి ఎక్కిస్తారు. కాసేపు ఆగుతారు. రక్తనాళాలు ముడుచుకుని చర్మం పాలిపోతుంది.

"లాగినట్టుంటుంది బాబాయ్. నొప్పి తెలిస్తే చెప్పు."

కోత చర్మపు ముడతల వెంబడి, మచ్చను కలుపుకుని పడింది. చర్మం కింద మామూలు కొవ్వు, దాని అడుగున పల్చని పొర కప్పుకున్న గడ్డ, పనసతొనల్లా పసుపు పచ్చగా, మెరుస్తూ. చేతి మీద గడ్డయితే ఈ దశలో రెండు పక్కలా నొక్కితే బయటికి ఉబికి వచ్చేస్తుంది. వీపు, భుజం, మెడ దగ్గరవి అంత తేలిగ్గా రావు. అక్కడ నారపోగులు గట్టిగా పట్టుకుని ఉంటాయి. డాక్టరమ్మ ఫోర్సెప్స్ మొన తెరుస్తూ ఒక్కో పోగూ విడదీస్తోంది. అడుగున చిన్న రక్తనాళం చిమ్మింది, కాటరీతో కాల్చింది. మాడిన వాసన మీ ముక్కుకూ తగిలింది. గడ్డ చేతికొచ్చింది. అయినా ఖాళీలో వేలు తిప్పి మూలలన్నీ తడుముతోంది. ఒక తొన మిగిలిందా, మళ్లీ పెరగొచ్చు.

లోపల కరిగే దారం, పైన నైలాను కుట్లు. ఖాళీలో నీరు, రక్తం చేరకుండా బిగుతుగా పట్టీ.

గడ్డను ఫార్మలిన్ సీసాలో వేస్తే మునగలేదు, తేలింది. కొవ్వే కదా. చెయ్యి చెప్పింది, స్కానింగ్ చెప్పింది, సీసాలో తేలింది. అయినా సీసా మీద పేరు, నంబరు రాసి పాథాలజీకి పంపింది. తీసిన గడ్డను చెత్తబుట్టలో వెయ్యడం ఎక్కడ జరిగినా అది రోగికి అన్యాయమే.

మైక్రోస్కోపు కింద ఖాళీ గళ్లే కనిపిస్తాయి. స్లైడు తయారీలో కొవ్వు కరిగిపోతుంది, కణాల పొరలు, అంచుకు ఒదిగిన చిన్న కేంద్రకాలు మిగులుతాయి. అన్నీ ఒక తీరున ఉన్నాయి. రిపోర్టులో ఒకే మాట: లైపోమా.

కుట్లు విప్పే రోజున కొడుకునీ వెంటబెట్టుకొచ్చారు. పాతికేళ్ల కుర్రాడు, ముంజేతుల మీద చిన్నచిన్న గడ్డలు. కొన్ని కుటుంబాల్లో ఇవి తరాల వెంట వస్తాయి. డాక్టరమ్మ ఒకదాన్ని నొక్కగానే వాడు చెయ్యి లాక్కున్నాడు.

"మీ నాన్నది ఇలా నొప్పి పెట్టలేదు" అంది ఆమె. రక్తనాళాలు కలగలిసిన కొవ్వు గడ్డలు, ఆంజియోలైపోమాలు, ఈ వయసులో ముంజేతుల మీదే ఎక్కువ, నొక్కితే నొప్పి. అవీ హాని చేసేవి కావు. కానీ ఆ మాట అప్పుడే అనకుండా, స్కానింగ్ చీటీ రాసి, రెండో చెయ్యి చాపమంది.