అపస్మారం: పేరులోనే ఉన్న మరుపు

పోయిన నెల ఆఫీసులో ఒక పాత మాడ్యూల్ చూస్తూ "ఈ క్యాష్ ఇక్కడెందుకు పెట్టార్రా బాబూ, ఎవరిదీ ఘనకార్యం?" అని గ్రూపులో అడిగాను. రెండు నిమిషాల్లో జూనియర్ కుర్రాడు స్క్రీన్‌షాట్ పంపాడు. నాదే. ఏడు నెలల క్రితం నేనే రాశాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మన వృత్తిలో ఇది మామూలే, తన కోడ్‌ని తనే తిట్టుకోని వాడెవడు?

కాకపోతే ఆ క్యాష్ గురించి మేం నలుగురం గంటసేపు వాదించుకున్నామట. నేను బోర్డు మీద బొమ్మ కూడా గీశానట. దాని ఫోటో చూపించారు. చూడగానే "ఆఁ, అవును కదా" అని ఎక్కడో వెలగాలి. వెలగలేదు. దస్తూరీ నాదే, జ్ఞాపకం మాత్రం ఇంకెవరిదో.

నాకు మూర్ఛ ఉంది. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మొదలైంది. మొదటిసారి తెలివొచ్చేసరికి హాస్టల్ వరండాలో పడున్నాను, చేతిలో ఎవరిదో తాళాల గుత్తి, ముక్కు దగ్గర సగం కోసిన ఉల్లిపాయ. (ఏమాటకామాట, ఈ రెండూ దేనికీ పనికిరావు. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు, గడియారం చూడాలి, అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరిగెత్తాలి. అంతే.) గత మూడేళ్ళలో ఒక్క ఫిట్టు కూడా రాలేదు. అంటే డాక్టరు గారి ఫైలు ప్రకారం నేనొక సక్సెస్. ఫైల్లో ఫిట్స్ ఎన్నొచ్చాయో రాయడానికి గడి ఉంది. ఏం మర్చిపోయానో రాయడానికి లేదు.

ఎందుకు లేదా అని ఆలోచిస్తూ చరిత్రలోకి వెళ్ళాను. వెళ్ళాక మొదట తెలిసిన సంగతేమిటంటే, మన పాతవాళ్ళు ఈ జబ్బుకి పేరు పెట్టిందే మరుపు మీద.

అపస్మారం. స్మరణ అంటే తెలుసు కదా, అది తొలగిపోవడం. చరక సంహితలో దీనికిచ్చిన నిర్వచనంలో స్మృతి, బుద్ధి, సత్వం మూడూ కల్లోలమై మనిషి చీకట్లోకి వెళ్ళినట్టవడం అని ఉంటుంది. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నురగ రావడం కూడా చెప్పారు, కానీ పేరు మాత్రం స్మృతికే కట్టారు. ఇప్పుడు మనం పేపర్లో "అపస్మారక స్థితిలో ఆస్పత్రికి తరలించారు" అని చదువుతాం. అక్కడ ఆ మాటకి తెలివి తప్పడం అనే అర్థం మిగిలింది, లోపలున్న స్మరణ ఎవరికీ కనపడదు. మాటే తన అర్థాన్ని మర్చిపోయిందన్నమాట. అన్నట్టు నటరాజ విగ్రహంలో శివుడి కాలి కింద ఉండే మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. శివుడు వాణ్ణి చంపడు, తొక్కిపెట్టి ఉంచుతాడు. మా మాత్రలు చేసే పని కూడా సరిగ్గా అదే.

ఇక ఆధునిక వైద్యం. లండన్‌లో 1857లో చార్లెస్ లోకాక్ అనే డాక్టరు పొటాషియం బ్రోమైడ్ పనిచేస్తోందని చెప్పాడు. ఎందుకు పనిచేస్తోందని ఆయన అనుకున్నాడో అది తప్పు, మందు మాత్రం పనిచేసింది. (మన బగ్ ఫిక్సులు కూడా కొన్ని ఇలాంటివే.) ఫిట్స్ తగ్గాయి, మనుషులు మొద్దుబారారు. మత్తు, మతిమరుపు, ఒంటి మీద పొక్కులు. అయినా ఓ యాభై ఏళ్ళు అదే దిక్కు. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే కుర్ర డాక్టరు ఫినోబార్బిటాల్ కనిపెట్టిన కథ ఇంకా తమాషాగా ఉంటుంది. మూర్ఛ రోగుల వార్డు పైనే ఆయన గది. రాత్రిళ్ళు కింద ఫిట్స్ వచ్చి నిద్ర ఉండేది కాదట. కొత్తగా వచ్చిన నిద్రమందు ఇస్తే వాళ్ళూ పడుకుంటారు, తనూ పడుకోవచ్చు అనుకున్నాడని చెబుతారు. తీరా చూస్తే పగలు కూడా ఫిట్స్ తగ్గాయి. మన దగ్గర గార్డినాల్ అని అమ్మేది అదే. చవక, మంచి మందు, కానీ పుట్టింది నిద్రమందుగా.

నా దృష్టిలో అసలు మలుపు 1938. అమెరికాలో హూస్టన్ మెరిట్, ట్రేసీ పుట్నమ్ ఇద్దరూ ఫిట్స్ ఆగాలి, మత్తు ఉండకూడదు అని రెండు షరతులూ ముందే పెట్టుకుని వెతికారు. పిల్లులకి కరెంటు షాకులిచ్చి, ఒక్కో రసాయనం పరీక్షించి ఫెనిటోయిన్ దగ్గర ఆగారు. ఆ పదార్థాన్ని 1908లోనే ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త తయారుచేసి పక్కన పెట్టేశాడు. రోగి బుర్ర చురుగ్గా ఉండాలన్నది రిక్వైర్‌మెంట్‌గా మొదటిసారి రాసుకున్నది వీళ్ళేనేమో అనిపిస్తుంది. తర్వాత కార్బమజిపిన్, వాల్‌ప్రోయేట్ వచ్చాయి, 1990లలో టోపిరమేట్, లెవిటిరాసెటమ్.

టోపిరమేట్ నేను ఎనిమిది నెలలు వాడాను. చాలామందికి బాగానే పడుతుంది. నాకు మాటలు దొరికేవి కావు. ఓసారి కూరగాయల బండి దగ్గర నిలబడి కొత్తిమీర అనే మాట రాక, వేలు చూపిస్తూ "అది... ఆకు... పచ్చడి..." అంటుంటే బండివాడు నన్ను ఉత్తరాదివాడనుకుని హిందీలో రేటు చెప్పాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఆ మర్నాడు క్లయింటు కాల్‌లో అదే జరిగినప్పుడు రాలేదు.

నేనుండేది కొల్లూరులో. కోహినూరు దొరికిందని చెప్పే కృష్ణ ఒడ్డు కొల్లూరు కాదు, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, పటాన్‌చెరుకి ఇవతలున్న కొల్లూరు. మా బాల్కనీలోంచి చూస్తే ఒకవైపు అపార్ట్‌మెంట్ల క్రేన్లు. గాలి అటు తిరిగిన రాత్రి మాత్రం ఫ్యాక్టరీల ఘాటు వస్తుంది. బాలానగర్‌లో ఐడీపీఎల్ పెట్టడం, 1970 పేటెంట్ చట్టం, ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం వైపు బల్క్ డ్రగ్ కంపెనీలు పెరగడం, వీటన్నిటి పుణ్యమే నా మాత్ర నాకు అందుబాటు ధరలో దొరకడం. దానికీ లెక్కలోకి రాని ఖర్చొకటి ఉంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. అది కట్టినవాళ్ళు నక్కవాగు ఒడ్డు రైతులు.

మళ్ళీ మరుపు దగ్గరికి వస్తా. నాకు బాగా నచ్చిన మనిషి లండన్‌లో 1880లలో ఉన్న ఒక డాక్టరు. ఆయనకే మూర్ఛ. హ్యూలింగ్స్ జాక్సన్ 1888లో ఈయన గురించి రాస్తూ "జెడ్" అని మాత్రమే అన్నాడు. ఆర్థర్ మయర్స్ అని పేరు చాలాకాలం తర్వాత బయటపడింది. ఒకరోజు రోగి ఛాతీ పరీక్ష చేస్తుండగా ఈయనకి ఫిట్టు మొదలైంది. పడిపోయే రకం కాదు, మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు, లోపల రికార్డింగ్ ఆగిపోతుంది. తెలివొచ్చాక చూసుకుంటే ఎడమ ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా అని రాసి ఉంది, దస్తూరీ తనదే. రోగిని మళ్ళీ పరీక్ష చేశాడు. అదే తేలింది! తర్వాత 1894లో ఆయన నిద్రమందు ఎక్కువై చనిపోయాడు. మెదడు కోసి చూస్తే ఎడమ కణత భాగంలో చిన్న గుంట. ఆ క్యాష్ నేను సరిగ్గానే పెట్టానని తర్వాత తేలినప్పుడు నాకు ఈయనే గుర్తొచ్చాడు.

మరుపుని ఫైల్లోకి ఎక్కించింది మాత్రం ఇద్దరు రోగులు. కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర మూర్ఛకి ఆపరేషన్ చేయించుకున్న పి.బి. అనే 46 ఏళ్ళ సివిల్ ఇంజినీరు ఒకరు. ఎడమ కణత లోపలి భాగం తీసేశారు, కొత్త సంగతులు నిలవడం మానేశాయి. ఒక పక్కే కదా తీసింది, ఎందుకిలా అని తల పట్టుకున్నారు. ఆయన చనిపోయాక తెలిసింది, కుడి పక్కది అప్పటికే ఎండిపోయి ఉందని. రెండో మనిషి హెన్రీ మొలైసన్. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్‌లో విలియం స్కోవిల్ ఆయనకి రెండు పక్కలా తీసేశాడు. ఫిట్స్ బాగా తగ్గాయి. 2008లో చనిపోయేదాకా, 55 ఏళ్ళు, కొత్త మనిషి పేరొక్కటి నిలవలేదు. ఆపరేషన్ నాటికి ఆయన వయసు 27. నా వయసు కూడా ఇంచుమించు అంతే. ఆ పేజీ చదివిన రాత్రి నేను సరిగ్గా పడుకోలేదు.

పెన్‌ఫీల్డ్ దగ్గర పనిచేసిన బ్రెండా మిల్నర్ ఈ ఇద్దర్నీ పరీక్షించింది. స్కోవిల్‌తో కలిసి 1957లో రాసిన పేపరుతో ప్రపంచానికి హిప్పోక్యాంపస్ విలువ తెలిసింది. ఆ తర్వాత ఆపరేషన్‌కి ముందు మెదడులో ఒక పక్కని మందుతో నిద్రపుచ్చి, రెండోది జ్ఞాపకాన్ని మోయగలదా అని చూడటం మొదలైంది. ఒక సర్వర్ దించేముందు రెండోది లోడ్ మోస్తుందో లేదో మనం చూడమూ, అలాగ. మనకీ దీనితో చుట్టరికం ఉంది. పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన జేకబ్ చాండీయే 1949లో వేలూరు సీఎంసీలో న్యూరోసర్జరీ మొదలుపెట్టాడు. రైలెక్కి వేలూరు వెళ్ళొచ్చిన బంధువు లేని తెలుగు ఇల్లు అరుదు కదా.

ఆపరేషన్ల సంగతి సరే, నాలాగా మాత్రల మీద నడిచేవాళ్ళ మాటేమిటి? రెండేళ్ళ క్రితం ఒక ఆస్పత్రిలో జ్ఞాపకశక్తి పరీక్ష చేశారు. ఒక కథ చెప్పారు, అరగంట ఆగి మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. "నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఇంటికొచ్చి పేపర్లు వెతికితే తెలిసింది: కణత భాగం మూర్ఛ ఉన్న కొందరికి అరగంటకి గుర్తుంటుందట, రోజులు, వారాలు గడిస్తే చెరిగిపోతుందట. మామూలు పరీక్ష అరగంట దగ్గరే ఆగిపోతుంది కాబట్టి దొరకదు. టెస్టులో పాస్, ప్రొడక్షన్‌లో ఫెయిల్. మా చెల్లి పెళ్ళి వీడియోలో బావగారి కాళ్ళు కడుగుతున్నప్పుడు చెంబు పట్టుకున్నది నేనే. పెళ్ళయిన వారం తర్వాత కూడా ఆ సంగతి నాకు గుర్తుందట, అమ్మ చెప్పింది. ఇప్పుడు లేదు.

మాత్ర వల్లా, జబ్బు వల్లా, సరిగ్గా నిద్రపోకపోవడం వల్లా? మూడూ కావచ్చు. మందు మాత్రం సొంతంగా ఎవరూ మానకండి, ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

మొలైసన్ గురించి ఇంకొకటి ఉంది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమని మిల్నర్ మూడు రోజులు గీయించింది. ప్రతిరోజూ ఇదే మొదటిసారి అనుకునేవాడు, చెయ్యి మాత్రం రోజురోజుకీ బాగుపడింది. నేను దాన్నే పట్టుకున్నాను. తాళం ఒకే కొక్కేనికి, పర్సు ఒకే అరలో, మాత్రల డబ్బా బ్రష్ పక్కన. గుర్తుపెట్టుకోవాల్సిన పని బుర్రకి తగ్గించి చేతికి అప్పజెప్పడం. మిగతాదంతా నోట్‌బుక్. నా కమిట్ మెసేజీలని టీములో నవలలంటారు. పోయిన అప్రైజల్లో "డాక్యుమెంటేషన్ అద్భుతం" అని మెచ్చుకున్నారు. ఎందుకు రాస్తానో చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం సంబంధాలు చూస్తుండటం. 1976లో సవరించిన హిందూ వివాహ చట్టం పిచ్చితో పాటు మూర్ఛని కూడా పెళ్ళికి అడ్డుగా రాసింది. 1999లో ఆ మాట తీసేశారు. చట్టంలోంచి పోయింది, మధ్యవర్తి పేరయ్య గారి బుర్రలోంచి పోలేదు. దాచాలంటే మాత్రలూ దాచాలి, దాచినచోటు గుర్తుండాలి. నాకు అదే కదా చేతకానిది.

వచ్చే శనివారం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాలి. మూడేళ్ళయింది కాబట్టి డోసు మెల్లిగా తగ్గించి చూద్దామా అని పోయినసారి ఆయనే అన్నారు. తగ్గిస్తే ఫిట్టు తిరిగి రావచ్చు, జ్ఞాపకం తిరిగి రాకపోనూవచ్చు. అమ్మ ఫోన్లో "ముట్టుకోకు నాన్నా, ఎలాగోలా నడుస్తోందిగా" అంటోంది. ఈసారి మాత్రం మర్చిపోయినవన్నీ తేదీలతో రాసి పెట్టుకున్నాను, 14 ఉన్నాయి. పెళ్ళి చెంబు మొదటిది. ముందు అది ఆయన ముందు పెడతా, తర్వాత మాట్లాడతాం.

ఇప్పుడే తొమ్మిది గంటల అలారం మోగింది. వెళ్ళి చూస్తే డబ్బాలో ఈరోజు గడి ఖాళీగా ఉంది. వేసేసుకున్నానన్నమాట.